ఎడమ పక్క మడత

మూడు దాటి ఐదు నిమిషాలు. నాలుగింటికి ఫిజియోథెరపీ అమ్మాయి వస్తుంది, ఐదింటికల్లా దుప్పటి పంపెయ్యాలి, ఆవిడ వచ్చేలోగా మిగిలింది ఈ గంట, ఈ గంటలో చెల్లెలు చెయ్యాల్సిన పనంటూ పెద్దగా ఏమీ లేదు, కుర్చీలో కాళ్లు మడుచుకుని కూర్చుని, తెర మీద తెల్లటి దుప్పటి తనంతట తనే జరుగుతూ, ముడుచుకుంటూ, పరుచుకుంటూ ఉంటే ఎక్కడైనా చిరిగిందా, ఎక్కడైనా బొమ్మ మోకాలు గుడ్డలోంచి పొడుచుకొచ్చిందా అని కనిపెట్టుకుని ఉండటం, అంతే. కానీ ఒళ్లు కుదురుగా లేదు. పక్క గదిలో అక్క ఉంది. తలుపు జేరేసి ఉంది గానీ మూసి లేదు, మూస్తే అక్క పిలుపు వినపడదని కాదు, మూస్తే "తలుపెందుకేసుకున్నావే, నేనేమన్నా లేచొచ్చి నీ దుప్పటి ఎత్తుకుపోతానా" అంటుంది, అని తనే నవ్వుతుంది, సగం నోటితో, ఆ సగం నవ్వు చూడలేక చెల్లెలు తలుపు జేరేసి ఉంచడం నేర్చుకుంది. పైన ఫ్యాను తిరిగినప్పుడల్లా ఒక్కచోట టిక్కుమంటోంది. కింద వీధిలో ఎవరో మోటారు సైకిలు స్టార్టు కాక తన్నుతున్నారు, ఆగి తిడుతున్నారు, మళ్లీ తన్నుతున్నారు.

దుప్పటంటే కప్పుకునే దుప్పటి కాదు. కంప్యూటరులో మనిషి బొమ్మల్ని నిలబెట్టి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి దృశ్యాలు కట్టుకునే వాళ్లు లోకంలో బోలెడుమంది ఉన్నారు. బొమ్మ ఒకరి దగ్గర తెచ్చుకుంటారు, జుట్టు ఇంకొకరి దగ్గర, మంచం మరొకరి దగ్గర, ఆ మంచం మీదికి దుప్పటి మాత్రం తన దగ్గరే తెచ్చుకోవాలని చెల్లెలు రెండేళ్లుగా కలగంటోంది. మామూలు దుప్పటి కాదు, చెప్పినట్టు వినే దుప్పటి. లోపల కంటికి కనపడని ఎముకలుంటాయి, మూల పట్టి ఎత్తితే ఎత్తిన చోట ఆగుతుంది. పక్కన మీటలుంటాయి, ఒక మీట జరిపితే మోకాళ్ల దాకా జారుతుంది, ఇంకోటి జరిపితే ఛాతీ దాకా వస్తుంది, మరోటి జరిపితే నిద్రలో ఎవరో ఒక చేత్తో లాక్కున్నట్టు మడతలు పడుతుంది. అలాంటి మీటలు ముప్ఫై ఆరు. ఇదంతా ఒకప్పుడు అక్కకి వివరించి చెబితే, అక్క మిషను ఆపి, సూది కింద గుడ్డ అలాగే ఉంచి, కొలతలివ్వడానికొచ్చిన ఆవిడ వైపు తిరిగి, "చూశారా, మా చిన్నది కూడా గుడ్డలే కుడుతోందండోయ్, తొడుక్కోడానికి రాదు, తుడుచుకోడానికి రాదు, గాలిగుడ్డలు" అంది. ఆవిడ నవ్వింది. చెల్లెలూ నవ్వింది, నవ్వకపోతే ఉడుక్కున్నావా అంటుంది కదా అక్క. ఆ గాలిగుడ్డలన్న మాట మాత్రం ఇన్నాళ్లయినా చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

ఇవన్నీ అమ్మిపెట్టే ఆన్‌లైన్ అంగడిలో, అవతల ఎక్కడో ఒక పరీక్షకుడున్నాడు, మొహమూ తెలియదు ఊరూ తెలియదు, పంపినవన్నీ చూసి పనికొస్తాయో రావో తేల్చేది అతనే. రెండుసార్లు తిప్పి పంపేశాడు. మొదటిసారి ఏవో కుట్లు కనపడుతున్నాయన్నాడు, సరే, అది సరిచేసింది. రెండోసారి రాసింది రెండే మాటలు. దుప్పటి బాగుంది, కింద మనిషి లేడు. చెల్లెలు వారం రోజులు అన్నం సహించక తిరిగింది. లేడంటే? బొమ్మ ఉంది కదా కింద, బొమ్మ కాళ్లున్నాయి, చేతులున్నాయి, గుడ్డ ఆ కాళ్ల మీదా చేతుల మీదా లెక్క ప్రకారం పడింది కదా. కానీ పదేపదే చూస్తే అతనన్నది నిజమే, ఆ గుడ్డ దేనికీ భయపడటం లేదు, చలికి లాక్కున్నట్టు లేదు, సిగ్గుకి కప్పుకున్నట్టు లేదు. మనిషి కావాలి కింద. పగలల్లా దుప్పటి కప్పుకుని, లాక్కుని, జారిపోతే మళ్లీ లాక్కునే మనిషి. అలా అనుకుంటూ మంచినీళ్లు తాగడానికి లేచి పక్క గది మీదుగా వెళ్లింది చెల్లెలు, వెళ్లి గుమ్మంలో ఆగిపోయింది. మనిషిని ఎక్కడో వెతకడమెందుకు?

అప్పటికి అక్క పడిపోయి ఏడు వారాలు. కత్తిరింపు బల్ల దగ్గర కత్తెర జారితే అందుకోవడానికి వంగింది, వంగిన మనిషి లేవలేదు. పక్షవాతం. ఎడమ పక్క. పలకరించడానికొచ్చిన వాళ్లంతా పోనీలెండి కుడిచెయ్యి మిగిలింది అన్నారు, వాళ్లకేం తెలుసు, మిషను మీద కుట్టేది కుడిచెయ్యి అనుకుంటారు అందరూ, గుడ్డని నడిపించేది ఎడమచెయ్యి, సూది కిందికి ఎంత పంపాలో, ఎక్కడ పట్టి ఉంచాలో, క్రాస్ మీద, ఏటవాలుగా కత్తిరించిన గుడ్డ సాగిపోకుండా ఎంత మెత్తగా తాకాలో దానికే తెలుసు, అది లేకపోతే అక్క మిషను ముందు కూర్చున్నా ఒకటే గోడ ముందు కూర్చున్నా ఒకటే. ఫిజియో అమ్మాయికి ఆ సంగతి అక్కే చెప్పింది, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. ఆ అమ్మాయి విని, కుడిచేతిని గుడ్డతో కట్టెయ్యండి, రోజుకో గంట, దుప్పటి మోకాళ్ల మీద వేసి ఎడమచేత్తోనే పైకి లాక్కోమనండి, రాకపోయినా సరే, ఆ చెయ్యి ఏడ్చినా సరే దాన్నే చెయ్యనివ్వండి అంది. ఆరు వారాల తర్వాత వచ్చి చూస్తానంది. "వేలంత కదలిక కనపడినా చాలు, ఇంకో మూడు నెలలు దాన్నే పట్టుకుని కూర్చుందాం. ఏమీ లేకపోతే మాత్రం ఆ చేతి మీద ఆశ వదులుకుని, కుడిచేత్తో నెట్టుకురావడం నేర్పిస్తాను." ఆ ఆరు వారాలూ ఇవాళ్టితో సరి. నాలుగింటికి.

మొదటి రోజు చెల్లెలు చెప్పింది చెప్పినట్టే చేసింది, ఆ మాట ఎవరి ముందైనా చెప్పగలదు. కుడిచెయ్యి కట్టింది, దుప్పటి మోకాళ్ల మీద వేసింది, గంట కూర్చుంది. ఎడమచెయ్యి తడిబట్టలా పడి ఉంది. అక్క నుదుటి మీద చెమట, పళ్లు బిగించడం, గోడ మీది గడియారం, దుప్పటి మీద ఒక్క ముడత లేదు. గంటసేపు ఏమీ జరగని చోట కూర్చోవడం ఎంత కష్టమో కూర్చున్న వాళ్లకే తెలుస్తుంది. రెండో రోజు కట్టు విప్పేసింది. విప్పగానే కుడిచెయ్యి ఎగిరొచ్చి దుప్పటి అంచు దొరకబుచ్చుకుని గడ్డం దాకా లాక్కుంది, అప్పుడు పడింది మడత, భుజం దగ్గర మొదలై పొట్ట మీదుగా అవతలి తుంటి దాకా, ఒకటే లాగు, దాని పక్కన చిన్నవి నాలుగు, రెండేళ్లుగా తెర మీద ఎంత పిండినా రాని మడత. చెల్లెలు కుర్చీలోంచి లేచింది. "అలాగే పట్టుకో అక్కా, కదలకు" అని ఫోను తీసి మంచం చుట్టూ తిరుగుతూ ఎనభై ఫోటోలు తీసింది, అన్ని పక్కల నుంచీ తీస్తే వాటిని చూసి ఆకారం కంప్యూటరే కట్టుకుంటుంది, కానీ తీసేంతసేపూ గుడ్డ కదలకూడదు, రెండు నిమిషాలు, రెండు నిమిషాలు అక్క కుడిచెయ్యి గాల్లోనే, మోచెయ్యి వణుకుతూ. "ఆవిడ కుడిచెయ్యి కదా కట్టెయ్యమంది?" అని అడిగింది అక్క. "ముందు కుడిది గట్టిపడితే దాన్ని చూసి ఎడమది నేర్చుకుంటుందట, ఫోన్లో చెప్పింది" అంది చెల్లెలు. ఆ అబద్ధం ఎక్కడా తట్టుకోకుండా, దారం సూదిలోకి ఒక్కసారే ఎక్కినట్టు వచ్చేసింది. "మరి ఫోటోలెందుకే?" "ఆవిడకి చూపించడానికి." వదిలెయ్ అనగానే అక్క వదిలేసింది. "మళ్లీ" అంది చెల్లెలు, దుప్పటి మోకాళ్ల మీదికి లాగేసి.

ఆ "మళ్లీ" అనడంలో ఏదో తియ్యదనం ఉండేది, ఇప్పుడు, ఈ కుర్చీలో, ఈ టిక్కుమనే ఫ్యాను కింద ఒప్పుకుంటే తప్పేముంది, ఉండేది. ఎందుకంటే "విప్పు" అనే మాట ఒకటి ఉంది. అక్క నోట్లో ఆ మాట తప్ప ఇంకో మాట ఉండేది కాదు. అమ్మానాన్నా పోయాక అక్కే పెంచింది, అక్కే నేర్పింది, మిషను పక్కన పీట వేసి కూర్చోబెట్టి చేతికుట్టు కుట్టమనేది, కుట్టింది చేతిలోకి తీసుకుని తిరగేసి, చిన్నదాని మొహం వైపు కూడా చూడకుండా, విప్పు. మళ్లీ కుడితే, విప్పు. ఒకసారి ఒకే కాలరు పదకొండుసార్లు విప్పించింది, తెల్ల చొక్కా, పదకొండోసారి వేలికి సూది దిగి కాలరు మీద రక్తం చుక్క పడితే, వేలు చూడలేదు, ముందు ఆ మరక కడుక్కురా ఎండిపోతే పోదు అంది. కొలతలకొచ్చిన ఆడవాళ్ల ముందు చిన్నదాని కుట్టు పైకెత్తి చూపించేది, కోడి కెలికినట్టుంది చూడండి అని. వాళ్లు పోయాక నెత్తి మీద ఒక మొట్టికాయ, అది ముద్దుకి, తర్వాత అదే చేత్తో అన్నం కలిపి పెట్టేది, అదీ నిజమే. గుడ్డ ఎటు లాగితే సాగుతుందో, ఎటు లాగితే మొండికేస్తుందో ఆ చేతే నేర్పింది, ఈ తెర మీద దుప్పటి ఇంత బాగా పడుతోందంటే అది అక్క పెట్టిన భిక్షే. అయితే మాత్రం. పదకొండుసార్లు.

"చిన్నదానా!" పక్క గదిలోంచి. "టైమెంతయిందే?" చెల్లెలు లేచి వెళ్లింది. అక్క పొద్దుటి నుంచే తయారు, మొహం కడిగించుకుంది, ఉతికిన జాకెట్టు తొడిగించుకుంది, ఇప్పుడు జుట్టు. చెల్లెలు వెనక కూర్చుని దువ్వుతుంటే, తెల్లవెంట్రుకలు దువ్వెనకి చుట్టుకుని వస్తుంటే, అక్క ఎదురుగా గోడ వైపు చూస్తూ, "ఇవాళ చెప్తాను ఆవిడకి" అంది. "ఏం చెప్తావు?" "కదిలిందని. ఎడమది. నువ్వు దాని మీద ఇనుప బిళ్ల పెట్టకముందు కదిలేది." దువ్వెన ఒక చిక్కు దగ్గర ఆగింది. "అది ఈడ్పక్కా. నరాలు ఊరికే లాగుతుంటాయి. నీకలా అనిపిస్తుంది." "నా చెయ్యి నాకు తెలీదా? వేళ్లతో అంచు పట్టుకోబోయాను, రెండు వేళ్లు." అక్క కుడిచేత్తో ఎడమ వేళ్లు తడిమి చూసుకుంది. "నేను చెబితే నమ్మదు, జబ్బు మనిషి మాట. నువ్వూ చెప్పాలి. రోజూ పక్కనే ఉన్నావు కదా. నిజం చెప్పొద్దూ, ఆ చెయ్యి రానీ రాకపోనీ, రోజుకో గంట నా దగ్గర కూర్చున్నావు, అదే పదివేలు." చెల్లెలు ఊ అంది. జడ వేసి, రబ్బరు బ్యాండు బిగించి, లేస్తూ, మంచం పక్క బల్ల మీద ఉన్న ఇనుప బిళ్ల తీసి సొరుగులో పెట్టింది. "అదెందుకే దాస్తున్నావు?" "దాచడమేంటి, సర్దుతున్నాను." బిళ్ల అక్కదే, గుడ్డ కత్తిరించేటప్పుడు జరగకుండా పెట్టుకునేది, అరచేతి వెడల్పు, పట్టుకుంటే మణికట్టు వాలిపోయేంత బరువు.

బిళ్ల సంగతి కూడా అనుకోవాలి, అనుకోకపోతే మాత్రం పోతుందా. రెండో వారం నుంచీ తీసిన ఫోటోల్లో ఎడమ తుంటి దగ్గర దుప్పటి కింద ఏదో బుడిపె, మంచి మడతకి సరిగ్గా అడ్డంగా, బంగారంలాంటి మడత అక్కడికొచ్చి తడబడేది. కంప్యూటరులో గుడ్డని నున్నగా చేసే బ్రష్షొకటి ఉంటుంది, చెల్లెలు దానికి ఇస్త్రీ అని పేరు పెట్టుకుంది, ఆ బుడిపె మీద నాలుగుసార్లు ఇస్త్రీ రాస్తే పోయేది. పచ్చి ఆకారాలన్నీ ఒక చోట, ఇస్త్రీ అయినవన్నీ ఇంకో చోట దాచుకునేది, పచ్చివి మళ్లీ తిరిగి చూసింది లేదు. రోజూ రాయడం విసుగైపోయి ఒకరోజు, "ఎడమ పక్క కదపకక్కా, పాడవుతోంది" అంది. "నేను కదపడం లేదే, అదే కదులుతోంది" అంది అక్క, ఆ మాట అంటున్నప్పుడు మొహం ఎలా వెలిగిందో చెల్లెలు చూడకపోలేదు, చూసింది, చూసి, ఈడ్పులే అనుకుంది, అనుకోవాలని అనుకుంది. ఆ మర్నాడు బల్ల మీంచి బిళ్ల తెచ్చి ఎడమ మణికట్టు మీద దుప్పటి పై నుంచి పెట్టింది. "ఇదేంటే?" "ఇదీ వ్యాయామమే." ఫోటోల్లో కనపడిన బిళ్లని చెరపడం సులువు, గుండ్రంగా ఉంటుంది కదా, ఒక్క గీతతో పోతుంది.

మూడున్నర. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుంది. ఇంక మిగిలింది చివరి పరీక్ష, ముప్ఫై ఆరు మీటల్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా జరిపించి చూడటం, రోజుకొకటి చొప్పున ముప్ఫై ఆరు రోజులు తీసినవి గనక తేదీల వరసలోనే ఉన్నాయి. ఒకటి నుంచి ముప్ఫై ఆరు దాకా ఆడించింది. దుప్పటి ఊపిరి పీల్చినట్టు లేచింది, పడింది, లేచింది, ఎంత బాగుంది, పరీక్షకుడు ఈసారి నోరు మూసుకుంటాడు, కింద మనిషి ఉంది, నిజంగానే ఉంది అనుకుంటూ ఉండగా ఎడమ పక్క ఏదో మెసలింది. ఆపింది. వెనక్కి వెళ్లింది. బుడిపె. ఇస్త్రీ చేసినదానికి బుడిపె ఎక్కడిది? తల కొట్టుకుంది, పొద్దున హడావుడిలో ఇస్త్రీ చేసినవి తగిలించబోయి పచ్చివి తగిలించింది, మీటలన్నిటికీ. ఒక్క నిమిషం పని, మార్చేస్తే సరి. మార్చలేదు. మళ్లీ ఆడించింది, ఈసారి మెల్లగా, దుప్పటి మొత్తం కాకుండా ఎడమ పక్క మాత్రమే తెర నిండా వచ్చేలా దగ్గరికి లాక్కుని.

ఎనిమిదో రోజు దాకా ఏమీ లేదు. తొమ్మిదో రోజు చొక్కా బొత్తామంత. పదకొండో రోజు కూడా అంతే గానీ చోటు మారింది, కొంచెం పైకి. పద్నాలుగో రోజు దారపు ఉండంత. ఒక్కొక్క రోజు విడిగా చూస్తే ఈడ్పనుకోవచ్చు, పరుపు ఎగుడుదిగుడనుకోవచ్చు, ఏమన్నా అనుకోవచ్చు, కానీ వరసగా ఆడిస్తుంటే అది నడుస్తోంది, తుంటి పక్క నుంచి పొట్ట వైపు, పొట్ట వైపు నుంచి దుప్పటి అంచు వైపు, కుడిచెయ్యి ఎటు లాగుతోందో అటే, తమ్ముడు అన్న వెంట పరిగెత్తినట్టు, రోజుకో అంగుళం. పంతొమ్మిదో రోజు బుడిపె రెండుగా చీలింది. రెండు వేళ్లు. అక్క చెప్పిన రెండు వేళ్లు. ఇరవై ఒకటో రోజు ఆ రెండింటి మధ్య దుప్పటి సన్నగా నొక్కుకుపోయి ఉంది, పట్టుకుంది, అది పట్టుకోవడమే, గుడ్డని సూది కిందికి పంపేటప్పుడు అక్క పట్టే పట్టు, బొటనవేలూ చూపుడువేలూ, చెల్లెలికి తెలియని పట్టు కాదు, పీట మీద కూర్చుని పదేళ్లు చూసిన పట్టు. ఇరవై రెండో రోజు గుండ్రంగా బిళ్ల. ఇరవై మూడు, ఇరవై నాలుగు, బిళ్ల అంచు పక్కన సన్నటి గీత, కింద నుంచి ఏదో తోస్తున్నట్టు. ఇరవై ఏడో రోజు కూడా ఆ గీత ఉంది. ఇరవై ఎనిమిదో రోజు లేదు. ఆ తర్వాత ముప్ఫై ఆరు దాకా ఆ పక్క దుప్పటి నున్నగా, తీరుగా, ఇస్త్రీ అవసరం లేకుండా ఉంది.

ముందు వచ్చింది జాలి కాదు. భయం. ఎవరైనా చూస్తే? ఈ వరస ఫిజియో అమ్మాయికి చూపిస్తే చాలు, అర నిమిషం, వేలంత కదలిక అంది కదా ఆవిడ, ఇవి రెండు వేళ్లు, మూడు నెలలు కాదు ఆరు నెలలు కూర్చుంటుంది, చచ్చిందనుకున్న చెయ్యి బతికింది, నొక్కి పెడితే ఆగింది, మళ్లీ లేపొచ్చేమో, లేపొచ్చు. కానీ చూపిస్తే బిళ్లా చూపించాలి. ఇరవై రెండు నుంచీ అది తెర మీద గుండ్రంగా కూర్చుని ఉంది కదా. కుడిచెయ్యి ఎందుకు కట్టలేదని అడుగుతుంది. ఈ ఫోటోలెందుకని అడుగుతుంది. గాలిగుడ్డ కోసం. ఇరవై రెండు నుంచి ఆడించకుండా ఆపెయ్యొచ్చు, ఇరవై ఒకటి దాకా చూపించి, ఇంతేనండి ఇక తీయలేదు అనొచ్చు, మరి ఆ తర్వాత ఎందుకు ఆగిందంటే ఏం చెప్పాలి, అక్క ఊరుకుంటుందా, బిళ్ల పెట్టింది డాక్టరమ్మా అంటుంది. పోనీ ఏమీ చూపించకుండా కదిలిందండీ నేనూ చూశాను అని ఒక్క మాట చెబితే? ఆ ఒక్క మాట చాలు కదా. చాలు. అదే అనుకుంది, చెప్పేస్తాను, నోటి మాటే కదా, మాటకి ఫోటోలక్కర్లేదు. అనుకుంటూనే చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి, పచ్చివి ఊడదీశాయి, ఇస్త్రీవి తగిలించాయి, మళ్లీ ఆడించాయి, ఎడమ పక్క నున్నగా వచ్చింది, అంతటితో ఆగకుండా పచ్చివన్నీ, వాటి ఫోటోలతో సహా, ఎంచి చెత్తబుట్టలోకి తోశాయి, ఖచ్చితంగా తీసెయ్యమంటావా అని కంప్యూటరు అడిగింది, అవునంది. కింద మోటారు సైకిలు ఎట్టకేలకు అందుకుని వెళ్లిపోయింది. తలుపు గంట మోగింది. నాలుగింటికి ఇంకా ఐదు నిమిషాలుంది.

ఫిజియో అమ్మాయి చెప్పులు విప్పి, చేతులు కడుక్కుని, మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ముందు కుడిచెయ్యి పట్టుకుని చూసింది, నా చెయ్యి నొక్కండమ్మా అంది, అక్క నొక్కితే అమ్మో అని నవ్వింది. "చాలా గట్టిపడిందే! ఏం చేశారు?" "దుప్పటి లాగానమ్మా. రోజూ" అంది అక్క. తర్వాత ఎడమచెయ్యి తీసుకుని వేళ్లు ఒక్కొక్కటీ చాపింది, మణికట్టు తిప్పింది, కళ్లు మూసుకుని ఏదో వింటున్నట్టు కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. వేళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. "ప్రయత్నించండమ్మా, నా వేలు పట్టుకోండి." అక్క పళ్లు బిగించింది. జడ వేసిన జుట్టు కింద మెడ నరాలు తేలాయి. ఏమీ లేదు. "ఇప్పుడు రావడం లేదు గానీ, కదిలిందమ్మా" అంది అక్క గబగబా, మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ, "మూడో వారంలో. రెండు వేళ్లు. దుప్పటి పట్టుకున్నాను. నిజం." ఫిజియో అమ్మాయి మొహంలో ఒక మెత్తదనం వచ్చింది, రోజుకి నలుగురి దగ్గర ఇదే మాట వినే మనిషి మెత్తదనం. "చాలామందికి అలా అనిపిస్తుందమ్మా, తప్పు కాదు" అని, చెల్లెలి వైపు తిరిగింది. "మీరు రోజూ దగ్గరున్నారు కదా. మీరేమన్నా చూశారా? కొంచెమైనా సరే, ఉంటే చెప్పండి, నేను వదిలిపెట్టను."

అక్క కూడా తిరిగింది. జీవితంలో మొదటిసారి అక్క చిన్నదాని మొహం వైపు అలా చూసింది, కుట్టు చేతిలోకి తీసుకోకుండా, తిరగెయ్యకుండా, అడుగుతూ. నోట్లోకి వచ్చింది, చూశానండి అన్న మాట, నాలుక చివరిదాకా వచ్చింది, దాని వెనకే ఎందుకు కట్టలేదు, ఎందుకు ఆగింది, ఫోటోలున్నాయా చూపించండి, అన్నీ క్యూ కట్టి నిలబడ్డాయి, ఫోటోలు లేవు, పావుగంట కిందట ఉండేవి. "లేదండి" అంది చెల్లెలు. అక్కడితో ఆగినా బాగుండేది. కుట్టు చివర రెండుసార్లు వెనక్కి కుట్టి బిగించే అలవాటు అక్కే నేర్పింది. "ఒక్కసారి కూడా చూడలేదు. అక్కకే అలా అనిపిస్తూ ఉంటుంది పాపం." ఫిజియో అమ్మాయి తలాడించి కాగితం మీద ఏదో రాసింది. వచ్చే వారం నుంచి ఒంటిచేత్తో బొత్తాలు పెట్టుకోవడం, కూరలు తరుక్కోవడం మొదలుపెడదామంది, చెల్లెలి భుజం తట్టి, మీలాంటి చెల్లెలు ఉండటం ఆవిడ అదృష్టం అంది, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. లిఫ్టు తలుపు పడిన చప్పుడు వినపడింది.

ఏడుస్తుందనుకుంది. తిడుతుందనుకుంది, తిడితే బాగుండు, ఇంటి పైకప్పు లేచిపోయేలా తిడితే, చిన్నప్పటిలా మొట్టికాయ వేస్తే, తనూ ఒక మాటంటుంది, కాలరు సంగతి ఎత్తుతుంది, పదకొండుసార్లు అంటుంది, ఇద్దరి లెక్కా తేలిపోతుంది. అక్క కిటికీ వైపు చూస్తూ, "ఆ బిళ్ల సొరుగులోనే ఉందా?" అంది. "ఉంది." "తెచ్చి పెట్టెయ్యవే దాని మీద. ఇంక దాచడమెందుకు." గొంతులో కోపం లేదు, కొలత చెప్పినట్టు చెప్పింది. చెల్లెలు సొరుగు వైపు వెళ్లలేదు, గుమ్మం వైపూ వెళ్లలేదు, మంచం కాళ్ల దగ్గర నిలబడిపోయింది. అక్క ఇక చూడలేదు. గట్టిపడిన కుడిచేత్తో, ఆరు వారాలు నేర్చుకున్న చేత్తో, దుప్పటి అంచు పట్టుకుని ఒక్క లాగు లాగింది, గడ్డం దాటించి, నోరు దాటించి, మొహం మీదుగా నెత్తి దాకా. ఎడమ పక్క పట్టుకునే చెయ్యి లేక గుడ్డ అక్కడే చిక్కుకుని ఆగిపోయింది, ఆ చిక్కు దగ్గర నుంచి ముక్కు మీదికి, పెదవుల గుంటలోకి, మెడ మీదికి మడతలు ఒకదాని వెనక ఒకటి జారి వచ్చాయి, ఊపిరికి నోటి దగ్గర గుడ్డ లోపలికీ పైకీ ఆడుతోంది. ముప్ఫై ఆరింటిలో ఇది లేదు. కళ్ల వెంట నీళ్లు కారుతూనే ఉన్నాయి, ఆ నీళ్లలోంచే చూసింది చెల్లెలు, భుజం నుంచి మెడ దాకా చూసింది, చెయ్యి దానంతటదే జేబులోని ఫోను మీదికి పోయింది.

"కదలకు" అంది.

ఆ మాట అన్నది తనేనని తెలిసేసరికి గదిలో ఫ్యాను రెండు మూడుసార్లు టిక్కుమంది. దుప్పటి కింద అక్క, రోజూలాగే, ఊపిరి బిగబట్టి, కదలకుండా ఉండిపోయింది.